పార కింద చేతులు

మొన్న మనవడు తన జిమ్ చూపిస్తానని కిషన్‌బాగ్‌లో కొత్తగా కట్టిన మేడ మీదికి తీసుకుపోయాడు. చల్లటి గది, నాలుగు వైపులా అద్దాలు, ఏ కుర్రాడి చెవుల్లో ఆ కుర్రాడి పాట. అంతా బాగానే ఉంది కానీ నా ముక్కు మాత్రం పసుపు, ఆవనూనె, మజ్జిగ కలిపి మగ్గబెట్టిన తాలీం మట్టి వాసన కోసం వెతుక్కుంది.

యాభైల మొదట్లో మా పేట కుర్రాళ్లందరికీ కుస్తీ నేర్పే తాలీం అదొక్కటే. ఉస్తాద్ ముసలాయన, ఒక కన్ను కానరాదు. నాకు జోడీ మా గోడ పక్క అత్తరు దుకాణం వాళ్లబ్బాయి. వాళ్లమ్మను నేను పిన్నీ అన్నట్టు ఖాలా అనేవాణ్ణి, మా అమ్మ చేసిన సకినాలు నాకంటే ముందు వాడే తినేవాడు. కానీ అవి రాచరికం పోయి సర్కారు మారిన కొత్త రోజులు, రెండు మతాల పెద్దలు ఒకరి మీద ఒకరు మనసులో దాచుకున్న అనుమానం మా పిడికిళ్లలో బయటపడేది. ఒకనాడు పతంగి తెగిన తగాదాలో రాయి తగిలి మా పెదనాన్న కొడుకు తల పగిలింది. విసిరింది నా జోడీవాడేనని ఎవరో అన్నారు. నిజమా అని నేను అడగలేదు. మర్నాడు పొద్దున సైకిల్ చైను చేతికి చుట్టుకుని తాలీంకు పోయాను.

ఉస్తాద్ నా చెయ్యి చూశారు. "కొట్టుకుంటరా బేటా? కొట్టుకోండ్రి. ఇయ్యాల జుమేరాత్, మట్టి తిప్పే వంతు మీ జోడీదే. గా పని అయినంక సావుండ్రి" అన్నారు.

ప్రతి గురువారం ఒక జోడీ మేం కుస్తీ పట్టే గోదా మట్టిని తిరగదోడాలి. ఒకడు పారతో తవ్వుతుంటే, రెండోవాడు ఎదురుగా కూర్చుని పెళ్లలు చిదిపి రాళ్లు ఏరాలి. ఉస్తాద్ పార నాకిచ్చారు. వాడు నా ముందు గొంతుక్కూర్చుని రెండు చేతులూ మట్టిలో పెట్టాడు. పార ఎత్తాను. వాడు చేతులు తీయలేదు.

"ఏంది భాయ్, గట్ల చూస్తున్నవ్? ఎయ్" అన్నాడు, తల ఎత్తకుండానే.

వాడి వేళ్లకు జానెడు అవతల దించాను. మళ్లీ ఎత్తాను, మళ్లీ దించాను. గోదా సగమయ్యేసరికి చైను ఎక్కడ విప్పి పడేశానో గుర్తులేదు. అప్పుడు వాడే చెప్పాడు: "రాయి నేనే ఇసిరిన. మీ అన్నకు తగుల్తదనుకోలే."

ఆ సాయంత్రం ఇద్దరం అన్న మంచం దగ్గరికి పోయాం. అన్న తిట్టిన తిట్లన్నీ వాడు నిలబడి విన్నాడు.

తర్వాత విలేకరినై పత్రికలో పాతబస్తీ లొల్లుల గురించి ఎన్నో వార్తలు రాశాను, రాసిన ప్రతిసారీ నాకు ఆ వేళ్లు కనిపించేవి. వాడు పోయి చాన్నాళ్లయింది, తాలీం ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. మనవడి జిమ్‌లో కుర్రాళ్లు మాకంటే బలంగానే ఉన్నారు. ఎవరి అద్దం ముందు వాళ్లు నిలబడి బరువులెత్తుతున్నారు, ఒకరి ఎదురుగా ఒకరు కూర్చునే పని మాత్రం వాళ్లకు ఎవరూ పెట్టడం లేదు.