ఏడో నంబరు ప్లాటు

ఊరికే వచ్చేదేదైనా మా నరసరావుపేట జనానికి నిద్ర పట్టనివ్వని కాలం ఒకటుండేది. ఇప్పటికీ ఆ జబ్బు పూర్తిగా పోలేదు గానీ, నాకు కొత్తగా ఉద్యోగం వచ్చిన రోజుల్లో మాత్రం బాగా ముదిరి ఉండేది. అమరావతి పేరు చెప్పి ప్లాట్లు అమ్మేవాళ్ళు ఆదివారం వస్తే చాలు, మా బజారు చివర బస్సు పెట్టేవాళ్ళు. పిల్లాజెల్లా అందరూ ఎక్కొచ్చు. ఎక్కినవాళ్ళకి ఒక టోపీ, ఒక నీళ్ళ సీసా, మధ్యాహ్నానికి పులిహోర పొట్లం. ఎక్కడో పొలంలో దించి, వరసగా పాతిన ఎర్ర జెండాలూ నంబర్లూ చూపించేవాళ్ళు. మా పెదనాన్న (ఎండుమిరప వ్యాపారం, బజారులో ఆయనకి పెట్టిన పేరు ఎంక్వయిరీ) అలాంటి బస్సొకటి ఎక్కి, ఇంటిల్లిపాదినీ ఎక్కించి, తూర్పు ముఖం ప్లాటొకటి కొన్నాడు. మొదటి వానకే అది వాగు అని తేలింది. అప్పటినుంచి గుడిలో ప్రసాదం పెట్టినా, ఎందుకు పెడుతున్నారో కనుక్కున్నాకే నోట్లో వేసుకునేవాడట (ఇది మా పెద్దమ్మ మాట, నేను చూడలేదు). అసలే ఆయన బస్తాలో పైకాయ చూసి బేరమాడే మనిషి కాదు. మోచేతి దాకా చెయ్యి లోపలికి దించి, అడుగునుంచి గుప్పెడు కాయలు తీసి, వెలుతురులో తిప్పి చూసుకునేవాడు. పైన మంచి కాయ పోసి కింద తాలు కాయ దాచేవాళ్ళని జీవితమంతా చూసిన చెయ్యి అది.

నాకొచ్చిన ఉద్యోగం సముద్రం ఒడ్డున. మడ అడవీ, దాన్ని దాటితే తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసక తీరమూ కలిపి ఒక రక్షిత ప్రాంతం. అక్కడికి కుటుంబాలతో వచ్చినవాళ్ళని చెక్క వంతెన మీద నడిపిస్తూ, చెట్టూ పిట్టా చూపించి, క్షేమంగా బస్సెక్కించడం నా పని. మూడు నెలలు చూసి, బాగుంటే ఉంచుతామన్నారు. మూడో నెల ఆఖర్లో మా ఆఫీసరు గారు, మీ ఊరినుంచి ఒక బస్సెడు కుటుంబాలని పిలుచుకురా, వాళ్ళు అభిప్రాయాల పుస్తకంలో ఏం రాస్తారో చూసి నీ సంగతి తేలుస్తాను అన్నారు. తేలకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. మాచవరంలో ఒక ప్రైవేటు బడిలో నాన్న అప్పటికే నాకు టీచరు పని మాట్లాడి పెట్టాడు. నాకేమో ఆ బురదా, ఆ ఉప్పుగాలీ వదిలి రావడం చచ్చినా ఇష్టం లేదు. అందుకని పట్టుదలగా అన్ని ఏర్పాట్లూ దగ్గరుండి చేశాను. బజారు చివర బస్సు, ఎండకి టోపీ, నీళ్ళ సీసా, పులిహోర పొట్లం, అన్నీ ఉచితం. ఇలాంటి ఏర్పాట్లు ఇదివరకెక్కడో చూసినట్టుందే అన్న ఆలోచన నాకు ఒక్కసారైనా రాలేదు. నా తెలివి అట్లా ఉండేది.

పెదనాన్న ఫోన్ చేసి భోజనం కూడా పెడతారా అని అడిగాడు. పెడతారన్నాను.

"చివర్లో ఏముంటది?" అన్నాడు.

"ఏమీ ఉండదు పెదనాన్నా. సముద్రం ఉంటది."

"అది అందరికీ తెలిసిందేలే. చివర్లో ఏముంటదని అడుగుతున్నా."

ఎంత చెప్పినా వినలేదు. పాపం చిన్నపిల్లని ముందు పెట్టి ఎవరో ప్లాట్లు అమ్మిస్తున్నారని తేల్చేసుకుని, తనకీ పెద్దమ్మకీ రెండు సీట్లు రాయించుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు అదే బస్సులో నన్నూ నా పరుపునూ వేసుకొస్తానని నాన్నకి మాటిచ్చి, పరుపు చుట్టడానికి ఒక కొత్త నైలాను తాడు సంచిలో పెట్టుకున్నాడని మా చెల్లెలు నాకు ముందే చేరవేసింది.

ఆ ఆదివారం మబ్బు పట్టి ఉంది. చీకటితోనే బయల్దేరిన బస్సు తెల్లవారేసరికి వచ్చింది. పెదనాన్న దిగి, నన్ను ఎన్నడూ చూడనట్టే పక్కనుంచి వెళ్ళిపోయాడు. గుట్టుగా విచారణ చేయడానికి వచ్చిన మనిషి కదా. నేనేం తక్కువ తిన్నానా, ఆయన వంతెన చెక్కల్ని గొడుగుతో కొట్టి చూస్తుంటే, ఎవరు ఆయన అని ఆఫీసరు గారు అడిగితే, ఎవరో మా ఊరాయన సార్ అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. దారి పొడుగునా పిల్లలు ఎర్ర పీతల్ని చూసి గంతులేశారు. పెద్దమ్మ చెప్పులు చేతిలో పట్టుకుని, ఆ చల్లటి చెక్కల మీద ఉత్త కాళ్ళతో హాయిగా నడిచింది. పెదనాన్న మాత్రం కనపడిన బోర్డునల్లా చదివాడు, ఈ స్థలం ఎవరి పేరున ఉందని కాపలాదారుని అడిగాడు. మడ చెట్ల వేళ్ళు గాలి కోసం బురదలోంచి పైకొస్తాయని నేను చెబుతుంటే, "ఎవరు నేర్పారో గానీ బాగా చెప్తున్నావమ్మా" అన్నాడు. నా పాఠం అక్కడితో మరిచిపోయాను.

అడవి దాటి ఇసకలోకి వచ్చాం. అక్కడే ఉంది నా కొంప ముంచేది. తీరమంతా తిరిగి ఏరుకొచ్చిన తాబేలు గుడ్లని, కుక్కలూ నక్కలూ తినకుండా, ఒకచోట గుంటలు తీసి పాతిపెడతాం. చుట్టూ మోకాలెత్తు వల కంచె. లోపల వరసలు వరసలుగా గుంటలు, వరసల మధ్య దారులు, ప్రతి గుంట మీదా ఒక పుల్ల, పుల్లకి నంబరు, నంబరు పైన ఎర్ర జెండా. బస్సెడు నరసరావుపేట జనం ఒక్కసారిగా ఆగిపోయి నా వంక తిరిగారు. ఒకావిడ చేతిసంచి చంకలోకి లాక్కుంది.

"వచ్చిందమ్మా అసలు సంగతి," అన్నాడు పెదనాన్న నెమ్మదిగా. ఎవరో వెనకనుంచి, ప్లాట్లు మరీ ఇంత చిన్నగా ఉన్నాయేందని గొణిగారు. నమూనా అయ్యుంటదని ఇంకొకరు సర్దిచెప్పారు. నేను గుక్క తిప్పుకోకుండా తాబేళ్ళ సంగతంతా చెప్పాను. గుడ్లు ఏవని అడిగాడు పెదనాన్న. ఇసక అడుగున ఉంటాయన్నాను. పైకి కనపడవా అంటే కనపడవన్నాను. ఇంక ఆయనకి కావలసిందేముంది? కంచె వెంబడి నడిచి ఏడో నంబరు దగ్గర ఆగి, ఇక్కడ ఇసక కుంగింది, ఏందో పూడ్చారు అని, నేను అందుకునేలోపే కంచె దాటి, గొంతుక్కూచుని, చొక్కా చెయ్యి పైకి మడిచి, బస్తాలోకి దించినట్టు ఇసకలోకి చెయ్యి దించేశాడు.

గుంట మీద ఎవరి చెయ్యీ పడకూడదన్నది మా మొదటి నియమం. నా ఉద్యోగం ఆ చేతితోపాటే భూమిలోకి దిగిపోయిందనిపించింది. నాటకమంతా మరిచిపోయి, "చెయ్యి తియ్యి పెదనాన్నా," అని అరిచాను. ఆయన తియ్యలేదు. ముఖం మారిపోయింది. నా వైపు చూసి, ఎవరికీ వినపడకూడదన్నంత మెల్లగా అన్నాడు:

"అమ్మాయ్, లోపల ఎవరో ఉన్నారు."

ఆఫీసరు గారు పరిగెత్తుకొచ్చి, కదలకుండా నెమ్మదిగా చెయ్యి పైకి తీయమన్నారు. చెయ్యి బయటికి రాగానే ఆ గుంటలోంచి ఇసక కదిలి, బొటనవేలి గోరంత నల్లటి తల ఒకటి లేచింది, దాని పక్కనే ఇంకొకటి. తాబేలు పిల్లలు పైకొచ్చే ముందు ఇసక కుంగుతుంది. రోజూ పొద్దున్నే అది చూడాల్సిన మనిషిని నేనే. ఆ పూట నేను పులిహోర పొట్లాలు సర్దుకుంటూ గుంటల వైపు తొంగి కూడా చూడలేదు.

"ఇది చూడాల్సింది ఎవరు?" అన్నారు ఆఫీసరు గారు.

"అమ్మాయినేం అనమాకండి. చెయ్యి పెట్టింది నేను," అన్నాడు పెదనాన్న.

ఈ అమ్మాయి మీకేమవుతుంది, పెదనాన్నా అని పిలిచిందిగా అని ఆఫీసరు గారు అడిగారు.

"ఏమీ కాదు. మా వైపు పెద్దోళ్ళందరూ పెదనాన్నలేనండీ. ఎవరో మా ఊరి పిల్ల."

నేను పొద్దున్న అన్న మాట ఆయన విన్నాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగే ధైర్యం చేయలేదు.

తర్వాత కంచె తీసి, రెండు వైపులా జనాన్ని నిలబెట్టి, పిల్లల్ని సముద్రంలోకి వదిలాం. ఎత్తుకోకూడదు, వాటంతట అవే నడవాలి. పెదనాన్న అందరికంటే ముందు గొడుగు విప్పి, కాకుల్ని అనుమానంగా చూస్తూ పిల్లల వెంబడే నడిచాడు. కాపలాదారు బుట్టతో దగ్గరికొస్తే బుట్ట ఎందుకని నిలదీశాడు. ఆఖరి పిల్ల అలలో కలిసేదాకా అక్కడినుంచి కదల్లేదు. పంచె మోకాళ్ళ దాకా తడిసిపోయింది. అప్పుడాయన ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది.

భోజనాల దగ్గర మాత్రం మళ్ళీ మామూలే. పొట్లం విప్పకుండా పట్టుకుని, ఇప్పుడు చెప్తారు, ఇంకాసేపట్లో చెప్తారు అని ఎదురుచూశాడు. ఎవరూ ఏమీ చెప్పలేదు. బస్సు హారన్ కొట్టాక కూడా ఆఫీసరు గారిని పక్కకి పిలిచి ఏదో అడిగొచ్చి, అప్పుడు అభిప్రాయాల పుస్తకం తీసుకుని, కొట్లో చీటీలు రాసే ఆ గుండ్రటి అక్షరాలతో రాశాడు: "ఇక్కడ ఎవరూ ఏమీ అమ్మలేదు. రెండోసారి కూడా అడిగి చూశాను. నిజమే." బస్సెక్కుతూ సంచిలోంచి నైలాను తాడు తీసి నా చేతిలో పెట్టి, "బట్టలారేసుకోను పనికొస్తది, ఉంచుకో," అన్నాడు. పుస్తకమంతా చాలా బాగుంది, చాలా బాగుంది అనే ఉంటుందనీ, నమ్మదగ్గ మాట ఇదొక్కటేననీ చెప్పి, ఇంక రోజూ గుంటలు చూడమని మందలించి, ఆఫీసరు గారు నన్ను ఉంచేశారు.

ఆ తాడు మీద ఇవాళ్టికీ నా బట్టలు ఆరుతున్నాయి. ఇప్పుడు నా కింద కొత్తపిల్లలు పనిచేస్తున్నారు. గుంటలన్నీ చూశామని వాళ్ళు చెబితే నేను నమ్మను, నేనే వెళ్ళి ప్రతి నంబరు దగ్గరా వంగి చూసుకుంటాను. వెనకాల నన్ను వాళ్ళు ఏమని పిలుచుకుంటారో తెలుసు (పెద్దమ్మకి చెబితే, పేరు వేరే ఇంటికి పోలేదులే అంది). పెదనాన్న కొట్టుకి వెళ్ళడం మానేశాడు, మోకాళ్ళు వంగడం లేదు. ఎండలు మొదలవగానే మాత్రం ఫోన్ చేస్తాడు. ఏడో నంబరోళ్ళు వచ్చారా అని అడుగుతాడు. అవి పెరిగి, గుడ్లు పెట్టడానికి తిరిగి రావాలంటే చానా ఏళ్ళు పడుతుందని ప్రతిసారీ చెబుతాను.

"రానీ. వచ్చినప్పుడు నాకు చెప్పు. వాళ్ళో కాదో ముందు నేను చూడాల," అంటాడు.

అలాగే పెదనాన్నా అని ఫోన్ పెట్టేస్తాను. అన్నేళ్ళు ఆయన ఉంటాడా అన్న అనుమానం ఒకటి అప్పుడు వస్తుంది. నాకొచ్చే అనుమానాలన్నిట్లోనూ, చెయ్యి పెట్టి చూడనిది అదొక్కటే.