అన్న ఎంచుకున్న రంపం మిషను

ఆ ఆదివారం ఉదయం మా అన్న బుధు అరుగు మీద కూర్చుని రంపం మిషను చైనుకి పదును పెట్టాడు. గుండ్రటి చిన్న ఆకురాయితో ఒక్కో పన్నుకి మూడేసి సార్లు, ఒకే వైపుకి. ఒక వరస అయ్యాక మిషనును తిప్పి పెట్టుకుని రెండో వరస మొదలుపెట్టాడు. మధ్యలో వదిన చోడి అంబలి తెచ్చి పక్కన పెడితే, "అయిపోనియ్యి, సల్లారితే సల్లారుద్ది" అన్నాడు. పనయ్యాక పాత పంచె ముక్కతో చైను తిరిగే పొడుగాటి బారును తుడిచాడు, మిషను మీద గోనె కప్పాడు, చల్లారిన అంబలి తాగాడు. గిన్నె తనే కడిగి బోర్లించాడు. తర్వాత గుండె పట్టేసినట్టుందని మంచం మీద పడుకున్నాడు. నేను పరిగెత్తి రోడ్డు మీద జీపును ఆపి తీసుకొచ్చేసరికి ప్రాణం లేదు. అది 2008 జూన్ మొదటి వారం. అన్నకి నలభై ఆరేళ్లు.

మా ఊరు డుంబ్రిగుడ దాటి ఐదు కిలోమీటర్లు కొండ మీదికి ఎక్కాలి. ఇరవై ఆరు గడపలు. అన్న నా కంటే పదకొండేళ్లు పెద్ద. ఆశ్రమ పాఠశాలలో చేర్చడానికి నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని ఆ కొండ దింపింది ఆయనే. నేను చదువుకుని తెలుగు పంతులమ్మనై డుంబ్రిగుడలో క్వార్టర్సులో ఉండేదాన్ని. ఆదివారాలు ఊరికి వెళ్లేదాన్ని. అన్న మూడో తరగతి దగ్గర ఆగిపోయాడు. కానీ తొంభైల్లో కాఫీ మొక్కలిచ్చినప్పుడు ఊళ్లో అందరికంటే ముందు తీసుకుని నాటిందీ, నీడకి సిల్వర్ ఓక్ చెట్లు పెంచిందీ, వాటికి మిరియాల తీగలు పాకించిందీ ఆయనే. తక్కువ మాట్లాడేవాడు. మాట్లాడితే ఎక్కువగా మనుషుల గురించి కాదు, చెట్ల గురించి.

మా ఊళ్లో వానలు పడేలోపు ప్రతి ఇంటి గోడ వెంటా చూరు అందేదాకా కట్టెలు పేర్చుకోవాలి. ముసురు పట్టిందంటే నాలుగు నెలలు ఎండు పుల్ల దొరకదు. సంబంధం చూసుకోడానికి వచ్చినవాళ్లు కూడా ముందు ఆ కట్టెల గోడ చూసి, తర్వాత లోపలికి వస్తారు. అన్న పేర్చిన గోడకి ఊళ్లో పేరుండేది. సన్నవి పైన, లావువి కింద, చివరలన్నీ చెక్కినట్టు ఒక్క తీరుగా ఉండేవి. మా వదిన ఈశ్వరమ్మ దాని మీద మిరపకాయలు ఆరబోసేది.

2002 ఫిబ్రవరిలో మిరియాలు కోస్తూ అన్న సిల్వర్ చెట్టు మీంచి పడ్డాడు. కుడి భుజం దగ్గర ఎముక విరిగింది. పసరు కట్టు కట్టించుకున్నాడు. ఎముక అతుక్కుంది గాని వంకరగా అతుక్కుంది. చెయ్యి భుజం దాటి లేవడం, వెనక్కి రావడం మానేసింది. కొడవలి పట్టేవాడు, కాఫీ పళ్లు కోసేవాడు, ఊళ్లో పిల్లల్ని ఎత్తుకునేవాడు. గొడ్డలి మాత్రం ఎత్తలేకపోయాడు.

మావైపు ఒక పద్ధతి ఉంది. ఇంటి మగాడు పడకేస్తే, కొండ నుంచి కట్టెలు తెచ్చుకునేవాళ్లు ఆ గడప ముందు నుంచి పోతూ తలా ఒక దుంగ అక్కడ పడేసి పోతారు. పిలవరు, ఆగరు. తీసుకునేవాడు వద్దనకూడదు, దండం పెట్టకూడదు. బాగయ్యాక తనూ ఇంకో గడప ముందు అలాగే వేస్తాడు. మంచి పద్ధతే. కాకపోతే అది నెలకో రెండు నెలలకో సరిపడే పద్ధతి. అన్న విషయంలో రెండు వానాకాలాలు గడిచాయి. సాయంత్రం దుంగ పడ్డ చప్పుడు వినిపిస్తే అన్న తల తిప్పేవాడు కాదు. కంచంలో చెయ్యి మాత్రం ఆగేది.

ఒక ఆదివారం నేనక్కడుండగా పక్కింటి భీముడు ఏకంగా రెండు దుంగలు వేశాడు.

"ఒరే భీముడూ, ఇంక ఎయ్యకురా. నాను సచ్చిపోనేదు" అన్నాడు అన్న లోపలి నుంచే.

"సచ్చిపోతే ఒక దుంగతో సరిపోద్దేటి? బండెడు ఎయ్యాల" అన్నాడు భీముడు.

వదిన నవ్వింది. అన్న నవ్వలేదు. భీముడు వెళ్లాక నాతో అన్నాడు. "సెల్లీ, నా పొయ్యిలో కర్ర నేను తెచ్చుకోవాల. అదొక్కటే. ఇంకేటీ ఒద్దు నాకు."

అంతకుముందు నెల ఘాట్ రోడ్డు మీద కూలిన మానును ఇద్దరు మనుషులు రంపం మిషనుతో పావుగంటలో ముక్కలు చేయడం నేను బస్సులోంచి చూశాను. ఆ సంగతి చెప్పాను. అన్న రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు. ఎంత బరువుంటుంది, ఎత్తాలా, చెట్టుకి ఆనించి పట్టుకుంటే చాలా అని అడిగాడు. ఆనిస్తే చాలు, అదే కోసుకుంటూ పోతుందన్నాను.

2004 ఏప్రిల్లో ఇద్దరం తెల్లారి బస్సుకి విశాఖపట్నం దిగాం. పాత ఊరి వైపు మిషన్లమ్మే కొట్టొకటి ఉందని మా హెడ్మాస్టరు చెప్పారు. కొట్టాయన పేరు వరహాలరావు. నుదుట పెద్ద బొట్టు, చెవిలో పెన్సిలు, పలకరింపులో దగ్గరితనం.

"ఏటి బాబూ, కలప డిపోకా, కంట్రాక్టుకా?"

"ఇంట్లోకండి. పొయ్యిలోకి" అన్నాడు అన్న.

"పొయ్యిలోకి మిషనేటయ్యా! మా ఇంట్లో పుల్లలకి నాను ఏనుగుని తెచ్చినట్టు" అని, నవ్వు ఆపుకుని, నాలుగు మిషన్లు బల్ల మీద వరసగా పెట్టించాడు.

ఇరవై రెండంగుళాల బారున్నది కలప కోసేవాళ్లకి అన్నాడు. అది ఎత్తి చూసి అన్నే పక్కన పెట్టేశాడు. పద్దెనిమిది అంగుళాలవి పెట్రోలువి రెండు. ఇంటి కట్టెకి, కాఫీ తోటలో సిల్వర్ కొమ్మకి ఆ బారు చాలన్నాడు. ఒకటి తేలిక, రెండోది దానికంటే అరకిలో ఎక్కువ బరువు. నాలుగోది కరెంటుది.

"దీనికి పెట్రోలు కలపడం, ఆయిలు కలపడం, తాడు లాగడం ఏటీ నేదు. బొత్తం నొక్కు, అంతే. చైనుకి మాత్రం ఆయిలు పొయ్యాల" అని వైరు ప్లగ్గులో పెట్టి అన్న చేతికిచ్చాడు.

అన్న నొక్కాడు. చైను గిర్రున తిరిగింది. వదిలాడు, ఆగింది. మళ్లీ నొక్కాడు. మొహం వెలిగింది. "సెల్లీ, ఇది బావుందే. దుంగలు ఇంటి కాడికి ఈడ్సుకొచ్చి అరుగు కాడే కోసుకుంటాను."

"మనూరి కరెంటుతోనా? బల్బే మిణుగురు పురుగులా ఉంటాది. దీన్ని తగిలిస్తే ఊరంతా సీకటి. నీ తోట కొండ మీద, నీ వైరు అరుగు మీద. దుంగలు ఎవరు ఈడుస్తారు? మళ్లీ భీముడేనా?" అన్నాను.

నేనన్న ప్రతి మాటా నిజం. అన్న "ఔన్లే" అని, వైరును చుట్టలు చుట్టి మిషను మీద జాగ్రత్తగా పెట్టి వెనక్కిచ్చాడు.

పెట్రోలువి రెండూ బయట పేవ్‌మెంటు మీద పెట్టి కొట్టులో పనివాడు తాడు లాగి స్టార్టు చేశాడు. వీధంతా మోత. నేను చూసింది కోత ఎలా కోస్తుందని. కొట్టాయన ఒక మొద్దు కూడా తెప్పించాడు. అన్న మొద్దు వైపు చూడనే లేదు.

"కొయ్యకుండా ఇలాగ వదిలేస్తే ఎంతసేపు ఆడుద్దండి?" అని అడిగాడు.

"ట్యాంకు అయ్యేదాకా ఆడాల."

"సేత్తో పట్టుకుని నడిస్తే?"

"దీన్ని పట్టుకుని ఎక్కడికి నడుస్తావు బాబూ? పెళ్లికా?"

"సూత్తానండి" అన్నాడు అన్న. తేలికదాన్ని ఎడమ చేత్తో పట్టుకుని వీధిలో నడవడం మొదలుపెట్టాడు. పది గజాలు పోయేసరికి అది దగ్గి ఆగిపోయింది. వెనక్కి తెచ్చి పెట్టి బరువుదాన్ని తీసుకున్నాడు. ఆ మోతతో వీధి చివరిదాకా వెళ్లాడు, తిరిగొచ్చాడు. సైకిళ్లవాళ్లు తప్పుకున్నారు. టీ కొట్టు దగ్గర జనం లేచి నిలబడ్డారు. అది ఆగలేదు. "ఇదే" అన్నాడు.

"భుజం బాగోనేదు గదా, తేలికది తీసుకో అన్నా" అన్నాను.

"మాటిమాటికీ ఆగేది నాకొద్దు."

కొట్టాయన కూడా నా పక్షమే. "ఓసారి మీరే స్టార్టు సేసి సూసుకోండి బాబూ, రెండూ" అన్నాడు. అప్పటికే మూడున్నర. ఆఖరి బస్సు నాలుగింటికి. "బేగి తెముల్చు అన్నా, బస్సెళ్లిపోద్ది" అని నేనే తొందరపెట్టాను. మిషనును గోనెలో కట్టించుకుని పరిగెత్తాం.

బస్సు కొండెక్కుతుండగా, అలా ఎందుకు నడిచావని అడిగాను. కిటికీ వైపు చూస్తూ చెప్పాడు.

"తాతలు సెట్టు కొట్టేముందు గొడ్డలి ఎనకవైపుతో మూడుసార్లు తట్టీవోరు గదా. కొడతన్నాం, ఉన్నోల్లు దిగిపోండి అని. పిట్టలుంటాయి, పాములుంటాయి, ఇంకేటన్నా ఉంటాది. మిషనుతో ఎలాగ తడతాం? దూరం నుంచి ఆడిస్తూ ఎల్తే ఆ మోత ఇని దిగిపోతాయి."

ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. పదో తరగతి పిల్లలకి పాఠం మధ్యలో చెప్పాను. ఆ ఏడు బడికి వచ్చిన ఇనస్పెక్టరు గారికి కూడా చెప్పాను. ఆయన తన డైరీలో రాసుకున్నారు.

అలాగే జరిగింది కూడా. అన్న ఆ మిషనును అడవిలోకి ఎప్పుడూ తీసుకెళ్లలేదు, తన తోటలో చెట్లకే వాడాడు. కాఫీకి ఎండ తగలడానికి కొమ్మలు దించే మే నెలలో, ఇంటి వెనక నుంచి మోత మొదలయ్యేది. కాసేపటికి అన్న పనస చెట్టు పక్కనుంచి ఆడుతున్న మిషనుతో బయటికొచ్చి, వెనక వదిన కొడవలీ, మోపు కట్టే తాడూ పట్టుకుని నడుస్తుంటే, తోటలోకి ఎక్కేవాడు.

"ఒరే, ఊరేగింపు బయల్దేరింది, బేండు మేళం ఒకటే తక్కువ" అని భీముడు అరిచేవాడు. "ఆపి మోసుకెళ్తే పెట్రోలైనా మిగులుద్ది గదా బుధూ!"

"సెట్టుకి సెప్పాలి గదరా" అనేవాడు అన్న.

ఆడుతున్న మిషనుతో రాళ్లలో నడవడం ప్రమాదమని నేను చాలాసార్లు పోట్లాడాను. విన్నట్టే ఉండి వినేవాడు కాదు. మొద్దు మొద్దుకీ మధ్య కూడా దాన్ని ఆపేవాడు కాదు. ఎప్పుడన్నా పెట్రోలైపోయి ఆగితే, "యేడెక్కింది, సల్లారనీ. సెల్లీ, ఊట కాడికెళ్లి మంచినీల్లు తే" అనేవాడు. నేను ఊట దగ్గరనుంచి బిందెతో వచ్చేసరికి మళ్లీ ఆడుతూ ఉండేది.

కొన్న మూడో వారానికి మా గోడ వెంట కట్టెలు నడుము ఎత్తు లేచాయి. వాన మొదలయ్యేనాటికి చూరు అందాయి. దుంగలు పడడం దానంతటదే ఆగిపోయింది. ఆ ఏడాది చివర్లో ఊరి చివర ఒక ముసలాయన పడకేస్తే, సాయంత్రాలు అన్న ఒక దుంగ ఎడమ భుజాన పెట్టుకుని ఆ గడప దాకా వెళ్లొచ్చేవాడు. దారిలో ఎవరైనా పలకరిస్తే ఆగి మాట్లాడేవాడు. అంతకుముందు రెండేళ్లూ ఆయన ఆ దారిన నడవడం నేను చూడలేదు. ఇంకో నాలుగు వేసవులు అలా గడిచాయి.

అన్న పోయిన మర్నాటి నుంచి మా గడప ముందు మళ్లీ దుంగలు పడ్డాయి. కర్మ అయిపోయింది, నెల తిరిగింది, ముసురు పట్టింది. భీముడు తెచ్చేవి అన్నిటికంటే లావుగా ఉండేవి. ఆ ఏడు గోడ సగమే లేచి ఉంది. మేలో దించిన కొమ్మలు తోటలో తడుస్తూ పడి ఉన్నాయి.

వాన తెరిపిచ్చిన ఒక ఆదివారం నేను వెళ్లేసరికి వదిన మిషనును అరుగు మీదికి తెచ్చి గోనె తీస్తోంది.

"అమ్మేద్దామా వదినా? నేకపోతే భీముడిని పిలుద్దాం. ఆడు స్టార్టు సేసి కోసి పెడతాడు" అన్నాను.

"భీముడికి రాదు" అంది వదిన. చీర చెంగు బిగించింది. మిషనును నేల మీద పెట్టి, వెనక పిడిలో కుడి కాలి మునివేళ్లు దూర్చి తొక్కింది. ఎడమ చేత్తో ముందు పిడి నొక్కిపట్టి, కుడి చేత్తో స్టార్టు తాడు అందుకుంది. మొదటిసారి నెమ్మదిగా, రెండోసారి నెమ్మదిగా, మూడోసారి ఒక్క ఊపున లాగింది. మిషను అందుకుంది.

నేను నోరు తెరిచి చూస్తుంటే మోత తగ్గించి నా వైపు తిరిగింది.

"ఎప్పుడు నేర్సుకున్నావు వదినా?"

"మీరు తెచ్చిన మర్నాడే. మీ అన్న సెయ్యి ఎనక్కి రాదు గదా, తాడు ఎలాగ లాగుతాడు? ఎడం సేత్తో లాగితే కుడి సేత్తో నొక్కిపట్టాల, పాత ఎముక కదిలిపోయీది."

"మరి సెట్టుకి సెప్పాలని..."

"అదీ నిజమే. అబద్ధం ఆడే మనిషేటి?" అని, మిషను ఎత్తుకుని తోట వైపు నడుస్తూ మిగతాది చెప్పింది. కొట్టులో బొత్తం మిషను దగ్గరే ఆయనకి తెలుసట, పెట్రోలుది తన చేత్తో స్టార్టు కాదని. నేను చెప్పిన మాటలు సబబుగా ఉన్నాయి కాబట్టి, ఒకసారి ఎవరన్నా స్టార్టు చేసిస్తే దారిలో ఆగిపోని దాన్ని వెతుక్కున్నాడట.

నాలుగేళ్లలో ఆ తాడు అన్న ఒక్కసారి కూడా లాగలేదు. ప్రతిసారీ ఇంటి వెనక వదినే లాగి చేతికిచ్చింది.