మా మేనత్తకు తట్టని మాట

కైకలూరులో మేముండే వీధికి నా చిన్నప్పుడు ఒక కొత్త మాట వచ్చింది. తెచ్చింది మా మేనత్త.

అత్తయ్య మా ఇంట్లోనే ఉండేది. పొద్దున్నంతా మిషన్ మీద జాకెట్లు కుట్టేది, సాయంత్రం చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేది. మధ్యాహ్నం భోజనమయ్యాక వారపత్రికలోని పదకేళి ముందేసుకుని కూర్చునేది. ఒక్క గడి ఖాళీగా వదిలినా ఆవిడకు పరువు తక్కువ.

ఒకసారి 'ఏమీ తోచనప్పుడు కలిగేది' అని ఆధారం ఇచ్చారు. మూడు గళ్ళు, చివరి అక్షరం 'గు'. అత్తయ్య రెండు రోజులు పెన్సిలు కొరికింది. మూడోరోజు తనే ఒక మాట పుట్టించి 'డొల్లుగు' అని రాసేసింది. అప్పుడు మనసు డొల్లగా ఉంటుంది కాబట్టి డొల్లుగట.

"అలాంటి మాట లేదు కదత్తయ్యా" అన్నాను.

"పదిమందీ అంటే అదే ఉంటుందే" అంది.

ఆ రోజు నుంచి జాకెట్ల కోసం వచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా ఆ మాట వాడింది. "వాన పట్టిందంటే ఒకటే డొల్లుగండీ" అనేది. వారం తిరిగేసరికి పక్కింటి పిన్నిగారికి, ఎదురింటి తాతగారికి, చివరికి మా నాన్నకు కూడా డొల్లుగు పుట్టడం మొదలైంది. నేనైతే పరీక్షలో వ్యాసం నిండా రాసి వచ్చాను.

తెలుగు మాస్టారు ఎర్రసిరాతో అయిదు చోట్ల సున్నా చుట్టి, పెద్దవాళ్ళను తీసుకురమ్మన్నారు. అత్తయ్యే వచ్చింది.

"ఈ మాట ఏ నిఘంటువులో ఉందండీ?" అన్నారు మాస్టారు.

"మా వీధిలో ఉందండీ" అంది అత్తయ్య. ఆ తర్వాత తల వంచుకుని పదకేళి సంగతంతా చెప్పేసింది. "తప్పు నాదండీ, పిల్లనేమీ అనకండి."

ఆధారం విని ఆయన తెల్లబోయారు. "అది విసుగు కదండీ!"

"అయ్యో, విసుగా!" అత్తయ్య నోటిమీద చెయ్యి వేసుకుంది. "అసలు తట్టనే లేదండీ."

"మీకెప్పుడూ విసుగు పుట్టలేదాండీ?"

ఆవిడ నిజంగానే ఆలోచించింది. "పుట్టడానికి ఖాళీ ఏదండీ?"

మాస్టారు నవ్వు ఆపుకోలేకపోయారు. మార్కులు మాత్రం వెయ్యలేదు.

ఎనభై దాటాక కూడా అత్తయ్య పుస్తకం తెరవకుండా పాటల చరణాలన్నీ వరసగా పాడేది. తీరిక దొరికితే ఏదో ఒకటి నేర్చుకునే అలవాటు నాకు ఆవిడ దగ్గరే అబ్బింది. రిటైరైన మర్నాడే కీబోర్డు కొనుక్కున్నాను. నా ఎడమచెయ్యి కుడిచేతి మాట ఇంకా వినడం లేదు. పక్కింటివాళ్ళు మధ్యాహ్నాలు కిటికీలు మూసుకుంటున్నారు. మూసుకోనీ, వచ్చే నెల రెండో పాట మొదలుపెడతాను.