పక్క బెడ్డు అక్కయ్యగారు

అక్కయ్యగారు పోయారన్న సంగతి నాకు మంగళవారం ఉదయం, వార్డు బయట చెప్పులు విప్పుకుంటుండగా తెలిసింది. రాజమండ్రిలో నేను డయాలసిస్‌కు వెళ్ళే ఆసుపత్రి అది. సిస్టర్ గారు తలుపు దగ్గరికి వచ్చి, "మీ పక్క బెడ్డు అక్కయ్యగారు ఆదివారం పోయారండి. ఇంటి దగ్గరే. గుండె ఆగిపోయిందంట," అని చెప్పారు. చెప్పి, బరువు చూడాలి రమ్మన్నారు. కాటా ఎక్కాను. ఎంతుందో ఆవిడ పైకే చదివారు. నాకు వినబడలేదు.

ఆదివారం పోతే మంగళవారం దాకా నాకు తెలియలేదు. ఎవరూ ఫోన్ చెయ్యలేదు. చెయ్యడానికి నేనెవరిని? చుట్టాన్ని కాను, ఆ వీధివాణ్ణి కాను. ఏడాదికి పైగా వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు, ఆవిడకు మూడడుగుల దూరంలో పడుకున్నవాణ్ణి. ఆవిడ నంబరు నా దగ్గర లేదు. ఎల్లుండి ఎలాగూ కనబడతారు కదా అన్న ధీమాతో ఎప్పుడూ అడగలేదు.

నాది కొవ్వూరు. మోటార్ వైండింగ్ షాపు ఉండేది. కాలిపోయిన బోరు మోటార్లకి రాగి తీగ తిరగచుట్టి ఇవ్వడం పని. పాతికేళ్ళు ఆ వార్నిష్ వాసనలోనే బతికాను. రెండు కిడ్నీలూ పాడయ్యాయని తెలిశాక షాపు మూసేశాను. మా ఆవిడ ఒక హాస్టల్లో వంటకి కుదిరింది. నేను మంగళ, గురు, శనివారాలు పొద్దున్నే బస్సెక్కి, గోదావరి దాటి, ఈ మంచం మీద పడుకుని, ఎడమ చేతికి రెండు సూదులు గుచ్చించుకుని, పైన తిరిగే ఫ్యాను చూసేవాణ్ణి. నాలుగు గంటలు ఫ్యాను చూడటమంటే ఎలా ఉంటుందో చెప్పలేను. పదో తరగతి తప్పాక నేను పుస్తకం ముట్టుకోలేదు. ఆ మాట సిగ్గుతో చెప్పడం లేదు. మా ఇంట్లో, మా వీధిలో, నేను పనిచేసినచోట ఎవరూ ముట్టుకోలేదు.

అక్కయ్యగారు అప్పటికే ఆ వార్డులో పాతకాపు. అరవై అయిదు దాటిన మనిషి, సన్నగా ఉండేవారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. సూదులు పెట్టడం అయిపోగానే సంచిలోంచి కళ్ళజోడు తీసేవారు, తర్వాత ఒక పలచటి పుస్తకం. కుడిచేత్తోనే పట్టుకుని, బొటనవేలితో పేజీ తిప్పేవారు. మొదటి నెల మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఒకరోజు ఆవిడ చదువుతూ చదువుతూ ఉన్నట్టుండి నవ్వారు. గట్టిగా కాదు, ముక్కుతో. ఆ గదిలో మిషన్ల చప్పుడు తప్ప ఇంకేమీ ఉండదు. నవ్వు వినేసరికి నేను తల తిప్పాను.

"ఏంటండీ?" అన్నాను.

"వినిపించమంటారా?" అన్నారు.

ఆయ్ అన్నాను. అప్పుడు ఆవిడ ఒక పేజీ చదివారు. ఆ గొంతు గురించి చెప్పాలి. ఫోన్‌లో అవతలి మనిషి ఒక్కడికే వినబడేలా మాట్లాడటం ఆవిడకు ముప్పై ఏళ్ళ అలవాటు. ఇటు పక్క నాకు ప్రతి అక్షరమూ వినబడింది. అటు పక్క మంచం మీద ఆయన నిద్ర చెదరలేదు. ఒక ముసలాయన తన కొత్త కళ్ళజోడు గేదె తొక్కేసిందని ఊరంతా పంచాయితీ పెట్టించే ఘట్టం. నేను నవ్వితే మిషన్ మోగింది. సిస్టర్ గారు వచ్చి, చెయ్యి కదపొద్దని ఇద్దర్నీ కోప్పడ్డారు.

ఆ పుస్తకం పేరు నాకు ఇప్పటికీ తెలియదు. అట్టా, మొదటి పేజీలూ ఎప్పుడో పోయాయి. కాలువ మీద ధాన్యం పడవ నడిపిన మనిషి కథ. అసలు లావు పుస్తకమే. ఒక్క చేత్తో మొయ్యలేక ఆవిడే దాన్ని ఏడు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనీ దారంతో కుట్టి, పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసుకున్నారు.

"పుస్తకాన్ని కోసేశారేంటండీ?" అన్నాను. చదవనివాడికి కూడా అది పాపంలాగే తోచింది.

"బీరువాలో నిండుగా ఉంటే నాకేం లాభమండీ? ఇప్పుడు నాతో వస్తోంది," అన్నారు.

తను రెండో ముక్కలోకి వెళ్ళాక మొదటి ముక్క నాకిచ్చారు. ఇంటికి తీసుకెళ్ళాను. మొదట్లో పేజీకి పావుగంట పట్టేది. మాటల మీద వేలు పెట్టుకుని చదివేవాణ్ణి. శనివారం వెళ్ళేసరికి ఇరవై పేజీలే అయ్యాయి. ఆవిడ ఎన్ని అయ్యాయని అడగలేదు. "గేదె దగ్గరికి వచ్చారా?" అన్నారంతే.

ఆవిడ మంచితనమే చెబితే అబద్ధమవుతుంది. పేజీ మూల మడిచానని ఒకసారి, జంతికల నూనె మరక అంటించానని ఒకసారి, నాతో మాట్లాడటం మానేశారు. నూనె మరకకి రెండు వారాలు పట్టింది. చివరికి కుట్టు ఊడిపోయిన మూడో ముక్కని నేను కాయిల్స్ కట్టే దారంతో బిగించి తెచ్చి ఇస్తే, అటూ ఇటూ తిప్పి చూసి, "మీరు నాకంటే బాగా కుట్టారండీ," అన్నారు. షాపు మూశాక నా చేతి పనిని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు.

ఆ ఏడాది వేసవిలో నాకు బాగా విసుగొచ్చింది. దాహం వేస్తుంది, నీళ్ళు తాగకూడదు. ఎండలో బస్సు, తిరుగుబస్సు ఎక్కేసరికి కాళ్ళు పీకేవి. ఒక మంగళవారం నాకు బీపీ పడిపోయి కళ్ళు తిరిగాయి. తేరుకున్నాక ఆవిడతో అన్నాను: "ఇంక రానండి. చాలు."

నేను సరదాకి అనలేదు. ఆవిడకూ అది తెలుసు. ధైర్యం చెబుతారనుకున్నాను, దేవుడి పేరు ఎత్తుతారనుకున్నాను.

"నాలుగో ముక్క మీ దగ్గర ఉండిపోయిందండీ," అన్నారు. "అది తెచ్చి ఇచ్చేయండి. అదొక్కటి పోతే మిగతా ఆరూ పనికిరావు."

"ఎవరిచేతైనా పంపిస్తాను."

"ఎవరో ఎందుకండీ, పారేసుకుంటారు. మీరే గురువారం తెచ్చి ఇచ్చి వెళ్ళిపోండి."

గురువారం తీసుకెళ్ళాను. ఇద్దామనే వెళ్ళాను. సిస్టర్ గారు అలవాటుగా కాటా ఎక్కించారు, అలవాటుగా మంచం ఎక్కాను. అక్కయ్యగారు నాలుగో ముక్క తీసుకుని, అయిదోది నా కుడిచేతిలో పెట్టి, కళ్ళజోడు తగిలించుకుని తన పేజీలోకి వెళ్ళిపోయారు. ఆ మంగళవారం మాట మళ్ళీ ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అయిదో ముక్కలో పడవ మనిషి పడవ పోగొట్టుకుంటాడు. తర్వాత ఏడాదిపాటు పెళ్ళాంతో ఒక్క మాట మాట్లాడడు. ఆమె ఓర్చి ఓర్చి అక్కగారి ఊరు వెళ్ళిపోతుంది. నాకు ఆమె మీద చెప్పలేనంత కోపం వచ్చింది. కష్టంలో ఉన్నవాణ్ణి వదిలేసి పోతుందా అని అక్కయ్యగారి దగ్గర చెడామడా తిట్టాను.

ఆవిడ విని, "ఆ ఏడాదంతా ఆ ఇంట్లో ఆమె ఏం చేసుంటుందంటారు?" అని అడిగారు.

"రాయలేదు కదండీ."

"రాశారండీ. మీరు గబగబా చదివేశారు. మళ్ళీ చూడండి."

మళ్ళీ చూశాను. నిజమే, రాసి ఉంది. ఆమె రోజూ రెండు కంచాలు పెట్టేది. ఒక కంచం దగ్గర మాట్లాడుతూ తినేది, ఎదుటి కంచం పలికేది కాదు. రెండు వాక్యాలు, అంతే. ఆ సాయంత్రం మా ఆవిడ హాస్టల్ నుంచి వచ్చి గుమ్మంలో కూర్చుని కాళ్ళు నొక్కుకుంటోంది. షాపు మూసిన దగ్గర్నుంచి నేను తనతో ఎన్ని మాటలు ఆడానా అని వెనక్కి చూసుకుంటే నాకు భయం వేసింది.

"కాళ్ళు నొప్పులా?" అని అడిగాను.

తను తలెత్తి చూసింది. "ఏంటి కొత్తగా?" అంది. తర్వాత చాలాసేపు హాస్టల్ సంగతులు చెప్పింది. అక్కడ గిన్నెలు ఎంత బరువో నాకు ఆ రోజే తెలిసింది.

ఇదంతా గురువారం అక్కయ్యగారికి చెప్పలేదు. మళ్ళీ చదివానండి అన్నాను. సరే అన్నట్టు తల ఊపారు.

ఒకసారి అడిగాను, ఇంట్లో ఒక్కరే ఉంటారు కదా, పుస్తకాలుంటే ఒంటరిగా అనిపించదాండీ అని. ఆవిడ కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకున్నారు. "అనిపిస్తుందండీ. పుస్తకం దాన్నేమీ పోగొట్టదు. పక్కన కూర్చుంటుంది, అంతే," అన్నారు. మళ్ళీ పెట్టుకుని, "ఈ పడవ పుస్తకం నాకిది నాలుగోసారి. ఈసారి మీరు వెనకాల వస్తున్నారు కదా, కొత్తగా ఉందండీ," అన్నారు.

శనివారం ఆరో ముక్క తిరిగి ఇచ్చాను. ఏడోది ఆవిడ చదువుతున్నారు. మంగళవారానికి ఇదీ మీదేనండీ అన్నారు. ఆ మంగళవారమే సిస్టర్ గారు నాకా కబురు చెప్పింది.

అడ్రసు కనుక్కుని పదో రోజున వెళ్ళాను. పాత రాజమండ్రిలో సందులోపల సందు. ఆవిడ తమ్ముడి కొడుకు అన్నీ చూసుకుంటున్నారు. వాకిట్లో కుర్చీలు వేసి ఉన్నాయి. అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే. ఆయన నా దగ్గరికి వచ్చి, "మీరు అత్తయ్యకేమవుతారండీ?" అని అడిగారు.

"పక్క బెడ్డండి," అన్నాను.

ఆయనకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత నా ఎడమ చేతి మీద సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిన నరం చూసి, లోపలికి తీసుకెళ్ళారు. ఒకటే గది, వంటిల్లు. రెండు బీరువాల నిండా పుస్తకాలు. లైబ్రరీకి ఇచ్చేద్దామనుకుంటున్నామండీ, ముందు మీకు కావలసినవి తీసుకోండి అన్నారు. ఒక్కటే అడిగాను. ఆసుపత్రికి తెచ్చుకునే సంచి మేకుకి తగిలించి ఉంది. తువ్వాలు, బిస్కట్ల పొట్లం, దాని కింద ఏడో ముక్క. మిగతా ఆరూ కూడా వెతికి ఇచ్చారు. బయటికొచ్చాక, భోజనం చేసి వెళ్ళండని రెండుసార్లు పిలిచారు. కూర్చున్నాను. అటూ ఇటూ కూర్చున్నవాళ్ళు ఆవిడ చిన్నప్పటి సంగతులు చెప్పుకుంటున్నారు. నాకు తెలిసిన ఆవిడ వాళ్ళకి తెలియదు. నేను చెప్పలేదు.

ఏడో ముక్క మొన్న గురువారం వార్డులో పూర్తి చేశాను. పడవ మనిషి ఆమె ఉన్న ఊరు నడిచి వెళ్తాడు. అరుగు మీద కూర్చుంటాడు. ఆమె నీళ్ళిస్తుంది. తప్పెవరిదన్న మాట ఇద్దరూ ఎత్తరు. ఇంటికప్పు ఈ వానలకి ఆగుతుందా లేదా అని వాదించుకుంటూ ఉండగా కథ అయిపోతుంది. నాకు చాలా బాగుంది. ఎందుకు బాగుందో కూడా చెప్పగలను ఇప్పుడు. కుడివైపు తల తిప్పాను. ఆ మంచం మీదికి కొత్తగా వచ్చినాయన చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. పుస్తకం గుండెల మీద పెట్టుకుని మిగిలిన గంటన్నర పడుకున్నాను. మా ఆవిడకి రాత్రుళ్ళు కొంచెం కొంచెం చదివి వినిపిస్తున్నాను. అలసిపోయి ఉంటుంది, నాలుగో పేజీకి నిద్రపోతుంది.

ఆ రోజు తిరుగుబస్సు వంతెన మధ్యలో ట్రాఫిక్‌కి ఆగింది. కిటికీలోంచి చూస్తే గోదావరిలో నీళ్ళు తగ్గి ఇసుక మేటలు బయటపడి ఉన్నాయి. ఒక మేట మీద ఒకాయన సైకిలు నడిపించుకుంటూ వెళ్తున్నారు. ఇసుకలో సైకిలు కదలడం లేదు. వెనక ఏదో మూట కట్టి ఉంది. అవతల పడవ గాని, మనిషి గాని కనబడలేదు. ఆయన ఎవరింటికి వెళ్తున్నారో, ఆ మూటలో ఏముందో, ఇంట్లో ఏం మాట వచ్చి బయలుదేరారో అనుకుంటూ చూస్తున్నాను. ఆయన నీళ్ళ అంచుదాకా వచ్చి, సైకిలు స్టాండు వేసి, అటువైపు చూస్తూ నిలబడ్డారు. బస్సు కదిలింది.