ట్రయల్ వేయకుండానే తిప్పిపంపిన పాలు

కడుపు కోసి బిడ్డను తీశారు. అది డాక్టర్ల పని, బాగానే చేశారు. ఆ తల్లికి పాలు పడవని తీర్పిచ్చారు. అది చుట్టాల పని, ఇంకా బాగా చేశారు. మా వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ ఆపరేషనయ్యాక కళ్లు తెరిచేసరికి, కూతురు సీసాపాలు తాగేసి నానమ్మ ఒళ్లో నిద్రపోతోంది. తల్లిని ఎవరూ అడగలేదు. కుట్లు పడింది పొట్టకు, మూతపడింది నోరు.

"ఆపరేషన్ చేయించుకున్నదానికి పాలెక్కడివే? నొప్పులు పడి కన్నావా ఏంటి!" అంటూ అత్తగారు పాలపొడి డబ్బాను మంచం పక్కన ప్రతిష్ఠించింది. ఆ డబ్బా కాన్పుకు ముందే సంచిలో చేరింది. దూరదృష్టంటే అదీ! భర్త మరీ మంచివాడు. ఎవరి మాటా కాదనలేక కారిడార్‌లో ఫోన్‌కు చార్జింగ్ పెట్టుకుంటున్నాడు.

మర్నాడు పాప ఏడిస్తే ఆవిడ ఒళ్లోకి తీసుకోబోయింది. పాప కాలు సరిగ్గా కుట్లమీదే తన్నింది. ఆవిడ కెవ్వుమంది.

"చెప్పానా!" అత్తగారు డబ్బా మూత తీసింది.

కేకకు నర్సు వచ్చింది. "ఏం పని చేస్తావమ్మా?"

"టైలర్ని."

"గుడ్డ తాను ఎలా మోస్తావ్? చంకలో ఇరికించుకునేగా? పాపనీ అలాగే పట్టుకో. కాళ్లు నీ వీపువైపు పోతాయి, పొట్ట జోలికి రావు. కింద దిండు పెట్టుకో."

"చుక్క కూడా రాదు, ఊరికే పసిదాన్ని ఏడిపించడం తప్ప," అంది అత్తగారు.

టైలరమ్మ నోటి కుట్లు అప్పుడు ఊడాయి.

"అత్తయ్యా, కుట్టిన జాకెట్టు ఒంటిమీద వేసుకోకుండానే బాలేదన్నవాళ్ల మాట నేనెప్పుడైనా విన్నానా? ముందు ట్రయల్ వేయనివ్వండి."

పాప వెతికింది, జారింది, ఏడ్చింది. మళ్లీ వెతికి, ఈసారి నోరంతా తెరిచి పట్టుకుంది. చిన్న గుటక వినిపించింది.

"ఇప్పటికి ఈ కాసినే చాలు. చప్పరించేకొద్దీ ఊరతాయి," అంది నర్సు.

అత్తగారు డబ్బా మూత పెట్టేసి, దిండు సర్దింది. "మా వంశం పిల్ల! ఊరుకుంటుందా?" అంది. ఆ ఘనతా అత్తగారి వంశానికే పోయింది.

రేపోమాపో మీరూ ఓ బాలింతను చూడటానికి వెళ్తారు. "పాలు పడ్డాయా?" అన్న ఆరాను గుమ్మం బయటే వదిలేసి, ఓ దిండు పట్టుకెళ్లండి. డబ్బా నిజంగా అవసరమైతే ఎటూ పోదు, ముందు తల్లిని అడగండి. మీ ఇంట్లో సిజేరియన్ ఉంటే, ఆపరేషన్ కాగానే బిడ్డను తల్లి రొమ్ముకు చేర్చమని డాక్టరుకు ముందే చెప్పండి. చెప్పడానికి మొహమాటమా? ఆవిడ పొట్ట కోయించుకుంటోంది. మీరు నోరు తెరిస్తే చాలు.