చాటినవాడిదీ తప్పే

నా చిన్నతనంలో ఎల్లారెడ్డిలో ఏ కబురైనా డప్పు మీదే వచ్చేది. పశువు తప్పిపోయినా, పంచాయతీ కూర్చున్నా డప్పు మోగాల్సిందే. మా అవ్వ చేతిలో పని వదిలేసి వాకిట్లోకి పరుగెత్తేది. చాటే పెద్దాయన ప్రతి మలుపులో ఆగి కబురు చెప్పి, చివర్లో "చెప్పిచ్చినోళ్లు ఫలానా ఇంటోళ్లు" అనేవాడు. పేరు లేని కబురు చాటకూడదు, అది మా ఊరి కట్టుబాటు.

ఒక్కసారి ఆయన తప్పాడు. మా బర్రెకు గాలికుంటు తగిలిందని, మా ఇంటి పెరుగు ఎవరూ కొనొద్దని చాటాడు. పేరు చెప్పలేదు. అవ్వ పెరుగమ్మితేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. ఆ రోజు కుండెడు పెరుగూ అలాగే ఉండిపోయింది. అవ్వ దాని మూత తీస్తుంది, చూస్తుంది, మళ్లీ పెడుతుంది.

పశువుల డాక్టరు వచ్చి బర్రె నోరూ గిట్టలూ చూసి ఏ రోగమూ లేదన్నాడు. బాపు పెద్దమనుషులను కూడేశాడు.

"ఎవలు చెప్పమన్నరు?" అని వాళ్లు అడిగారు.

"వీళ్ల పాలోళ్లే. పేరు జెప్పకు అన్నరు. నేను ఊకె సాటిన, బర్రె నోరు తెరిచి సూసిన్నా?" అన్నాడు పెద్దాయన.

"డప్పు నీది, నోరు నీది. చెప్పిచ్చినోనిది ఎంత తప్పో, పేరు దాపెట్టి సాటినోనిది గూడ గంతే" అన్నారు.

మర్నాడు ఆయన అవే వాడలు మళ్లీ తిరిగాడు. నిన్న తను చాటింది అబద్ధమని, చాటించింది ఫలానా వాళ్లని ఆగిన చోటల్లా చెప్పాడు. మా ఇంటి ముందుకొచ్చి, "ఇంత సల్ల పొయ్యి అక్కా, అందరు సూడాలె" అని దోసిలి పట్టాడు. అరుగు కింద నిలబడే తాగాడు. ఆ కాలంలో ఆయనను అరుగు ఎక్కనిచ్చేవాళ్లు కాదు. ఆ రోజులన్నీ మంచివని నేననను. కానీ పొద్దుగూకేసరికి మా పెరుగు కుండ ఖాళీ అయింది. అవ్వ నవ్విన నవ్వు నాకింకా కళ్ల ముందే ఉంది.

ఇప్పుడు కామారెడ్డిలో నా బిడ్డ దగ్గర ఉంటున్నాను. బిడ్డ ఇంట్లోనే మామిడికాయ తొక్కు పచ్చడి పెట్టి అమ్ముతుంది. ఈ ఎండాకాలం మొదట్లో ఫోన్లలో ఒక వీడియో తిరిగింది. ఎవరిదో సీసాలో పురుగులు, పక్కన నా బిడ్డ ఫొటో. పెట్టిందెవరో తెలియదు. తొక్కు అడిగేవాళ్లు మానేశారు. ఫోన్లలో ఆ వీడియోలు చూపించే కంపెనీ వాళ్లకు బిడ్డ మొర పెట్టుకుంటే, మేము చోటిస్తాం అంతే, ఎవరేం పెట్టినా మా పూచీ కాదని జవాబొచ్చింది. దాన్ని పదిమందికి పంపిన పక్కింటామెను అడిగితే ఆమెదీ అదే మాట: "నేను జేసిన్నా అక్కా? ఊకె పంపిన."

"పేపర్ల తప్పు పడితే పేపరోళ్లు మళ్ల అచ్చేస్తరు. వీళ్లకేం రోగం?" అన్నాను.

"అమ్మా, నా తొక్కు నలుగురికి ఎరుకైంది గూడ గా ఫోన్లనే. ప్రతిది సూసి, అడిగి పెట్టాలంటే నాసొంటిదాన్ని ఎవలు పెట్టనిత్తుండె?"

"ముందుగాల అడగమంటలేను బిడ్డా. అబద్ధమని తేలినంక, సూసినోళ్లందరికి మళ్ల జెప్పుమంటున్న."

"గట్ల జెప్పేటోళ్లుంటే ఇంకేంది" అని నవ్వింది. ఆ నవ్వులో నవ్వు లేదు.

చాలా రోజులకు ఆ వీడియో తీసేశారు. తీసేశామని బిడ్డ ఒక్కదానికే చెప్పారు. చూసినవాళ్లకు ఎవరూ చెప్పలేదు.

మొన్న ఇద్దరం మార్కెట్‌కు పోయాం. మామిడికాయలు కొట్టే అతను బిడ్డను చూడగానే గంపలు ముందుకు జరిపి కత్తి అందుకున్నాడు. "ఈసారి ఎన్ని గంపలు, అక్కా?"

బిడ్డ గంపలు వెనక్కి జరిపి, ఓ పది కాయలు ఏరిచ్చింది.

"ఇంటి మందమే కొట్టు" అన్నది.