నూట తొమ్మిదో పేజీ

పోయిన ఎండాకాలం జనగామలో మా ఇంటికి దగ్గరి గ్రంథాలయంలో పిల్లలకు సెలవుల శిబిరం పెట్టారు. రోజూ పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా, నాలుగు వారాలు. శుక్రవారం గ్రంథాలయానికి సెలవు కనుక మొత్తం ఇరవై నాలుగు రోజులు. పుస్తకాలు చదవడం, బొమ్మలు వేయడం, చదరంగం ఆడటం. చివరి రోజున ఒక్కొక్కరు తాము చదివిన పుస్తకంలోని కథ అందరి ముందూ చెప్పాలి.

నేను మహబూబాబాద్‌లో పంతొమ్మిదేళ్ళు, భూపాలపల్లిలో తొమ్మిదేళ్ళు, జనగామలో ఆరేళ్ళు, మొత్తం ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పాను. ఇప్పుడు పొద్దున్నే పేపరు చదవడానికి గ్రంథాలయానికి పోతాను. శిబిరం మొదలయ్యే ముందు గ్రంథపాలకుడు నన్ను పిలిచి, "అమ్మా, మీరెట్లాగూ వస్తరు. పిల్లల అల్మార జర చూస్కోండ్రి," అన్నాడు.

అల్మారాలో నూట ఎనభై ఆరు పుస్తకాలు ఉన్నాయి. ప్రతి గురువారం పిల్లలు పోయాక లెక్కపెట్టి తాళం వేయాలని నియమం పెట్టుకున్నాను. మొదటి గురువారం లెక్క సరిపోయింది. కానీ పది పన్నెండు పుస్తకాలు తిరగేసి ఉన్నాయి, పేరున్న వీపు లోపలికి, కాగితాల అంచు బయటికి. పిల్లలకు శ్రద్ధ లేదనుకుని అన్నీ సరిగ్గా తిప్పి పెట్టాను.

రెండో వారం శనివారం ఒక కొత్త పిల్ల వచ్చింది. పదేళ్ళు దాటి ఉంటాయి. ఊరు బచ్చన్నపేట. వాళ్ళమ్మ జనగామ దవాఖానలో ఊడ్చి తుడిచే పని చేస్తుంది. బడి లేని రోజుల్లో ఇంట్లో ఒక్కదాన్నే ఉంచలేక పిల్లను వెంట బస్సులో తెచ్చుకుంటుంది. ఆ పిల్ల కిటికీ పక్కన, పాత పేపర్ల కట్టలు పేర్చిన చోట కూర్చునేది. మిగతా పిల్లలు రోజుకు రెండు పుస్తకాలు మారుస్తుంటే ఈమె ఒక్క పుస్తకమే పట్టుకుంది. ఆకుపచ్చ అట్ట, నూట అరవై ఎనిమిది పేజీలు. తప్పిపోయిన గాడిదను వెతుక్కుంటూ ఏడు ఊళ్ళు తిరిగిన కుమ్మరి పిల్ల కథ.

బుధవారం నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అవ్వా, గిది ఇంటికి తీస్కపోవచ్చా?"

"కార్డుందా?"

"లేదు."

"కార్డు కావాల్నంటే ఈ టౌనుల ఉండే పెద్దోళ్ళెవరన్న జామీను సంతకం పెట్టాలె. నీకీడ ఎవరున్నరు?"

"మా అమ్ముంటది. పొద్దుగూకే దాక."

"పొద్దుగూకే దాక ఉంటే సరిపోదు బిడ్డా."

"గాడిద దొరుకుతదా లేదా సూస్త. గంతే."

"రేపొచ్చి చూడు," అన్నాను. నియమం ప్రకారం నేను చెప్పింది తప్పేమీ కాదు.

మరునాడు, గురువారం, లెక్కపెడితే నూట ఎనభై అయిదే వచ్చాయి. మూడుసార్లు లెక్కపెట్టాను. రిజిస్టరు ముందు పెట్టుకుని ఒక్కో నంబరూ చూస్తే, లేనిది ఆకుపచ్చ అట్ట పుస్తకం. ఇక నాకు ఆలోచించాల్సిన పని లేదనిపించింది. అడిగింది ఎవరో తెలుసు, కాదన్నది నేనే. ఒకటీ ఒకటీ రెండు.

శనివారం పిల్లలందరూ వచ్చాక నిలబడి అడిగాను.

"పుస్తకం ఎవరు ఎత్తుకపోయిండ్రు?"

ఆ రోజు హాజరు ఇరవై మూడు. ఇరవై మూడు సంచుల్లో నేను ఒక్కటే బల్ల మీదికి తెప్పించాను. లోపల టిఫిన్ డబ్బా, పెన్సిలు, ఆధార్ జిరాక్సు, ఆ పొద్దుటి బస్సు టికెట్ ఉన్నాయి. ఆడవాళ్ళకు బస్సు ఉచితమే అయినా కండక్టరు జీరో టికెట్ కొట్టి ఇస్తాడు. దిగగానే అందరూ పారేస్తారు.

"ఈ చెత్త ఎందుకు మోస్తున్నవ్?" అన్నాను. పుస్తకం దొరకలేదన్న చిరాకుతో అన్న మాట అది.

ఆ పిల్ల టికెట్‌ను మళ్ళీ సంచిలో పెట్టుకుంది. పదకొండు దాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏ పుస్తకమూ తీయలేదు. ఆదివారం రాలేదు. సోమవారం కూడా రాలేదు.

సోమవారం నేను మళ్ళీ అల్మారా ముందు నిలబడి ఒక్కో పుస్తకం తీసి చూస్తున్నాను. తిరగేసి ఉన్నదొకటి కనబడితే సరిచేయబోయాను. చదరంగంలో నన్ను రెండుసార్లు ఓడించిన చిన్న పిల్ల పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అవ్వా, అది తిప్పకు. అది నాది."

"నీదేంది? గ్రంథాలయానిది."

"నేను సగం సదివిన. తిప్పి పెడ్తే ఇంకెవరు ముట్టరు. అందరం గట్లనే పెట్టుకుంటం. గురువారం వస్తే నువ్వన్నీ సక్కగ తిప్పుతవ్, శనివారమొచ్చి మేం ఎతుక్కునుడే అయితది."

పుస్తకాన్ని అట్లాగే వదిలి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పుస్తకం ఇంటికి తీసుకుపోలేని పిల్లలు చేసుకున్న ఏర్పాటు అది. నేను వారం వారం దాన్ని చెడగొడుతూ వచ్చాను.

"మరి బచ్చన్నపేట పిల్లది ఏది?"

"ఆమె కొత్తగ వచ్చింది గద. అల్మారల తిప్పి పెట్టుకునే జాగ నిండిందని చెప్పినం. ఆ పేపర్ల కట్టల ఎన్క పెట్టుకుంది."

"నేను మొన్న అడిగితే ఎందుకు చెప్పలే?"

"ఎత్తుకపోయిందెవరని అడిగినవ్ గని, దాసిందెవరని అడగలే గద," అంది.

కిటికీ పక్క కట్టలు జరిపాను. పుస్తకం గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పేజీల మధ్య నుంచి ఆరు కాగితాల కొసలు బయటికి కనిపిస్తున్నాయి. ఆరూ జీరో టికెట్లే. బచ్చన్నపేట నుంచి జనగామ. ఎండ తగిలితే కండక్టరు యంత్రం అచ్చు నాలుగు రోజుల్లో వెలిసిపోతుంది కానీ, పుస్తకంలో ఉన్నందున తేదీలు నల్లగా ఉన్నాయి. ఏ రోజు ఎక్కడ ఆగిందో ఆ రోజు టికెట్ అక్కడ ఉంది. శనివారం పద్నాలుగో పేజీ, ఆదివారం ముప్పై ఒకటి, సోమవారం యాభై రెండు. మంగళవారం యాభై ఎనిమిది మాత్రమే. ఆరు పేజీలకే ఎందుకు ఆగిందా అని చూస్తే, ఆ రోజు బొమ్మల పోటీ. బుధవారం ఎనభై మూడు. గురువారం నూట తొమ్మిది. నేనూ డైరీ ఇలాగే రాస్తాను. ఆ పద్దు పదేళ్ళ పిల్ల చేతిది కాకపోతే నాదే అనుకునేదాన్ని.

పుస్తకాన్ని నా కార్డు మీద రాయించుకుని ఇంటికి తెచ్చాను. ఆ మధ్యాహ్నం చదవడం మొదలుపెట్టి నూట తొమ్మిదో పేజీ దగ్గర ఆపాను. గాడిద అప్పటికి దొరకలేదు.

మంగళవారం దవాఖానకు పోయాను. వాళ్ళమ్మ వరండా తుడుస్తోంది. నేనెవరినో చెప్పుకునే లోపే గుర్తుపట్టింది.

"మీరేనా సంచి తెరిపించింది?"

"నేనే."

"అందరు పిల్లల్ల మా పిల్ల సంచే దొరికిందా మీకు?"

"తప్పయింది. పుస్తకం ఎక్కడికి పోలే, అక్కడనే ఉంది."

"అది నాకెర్కే. దొంగతనం చేసేదైతే గీపాటికి గాడిద దొరికేది. ఇంటికొస్తే అదే ముచ్చట. బస్సుల అదే ముచ్చట. నాకే యాష్టకొచ్చింది," అని బట్ట పిండింది. "అగో, ఆ బల్ల మీద కూసుంది. నాకు గాదు, దానికి చెప్పుకోండ్రి."

పిల్ల నన్ను చూసి మొఖం తిప్పుకుంది. నేను పక్కన కూర్చుని పుస్తకం ఇద్దరి మధ్యా పెట్టాను.

"తప్పు నాది బిడ్డా. నీ సంచి తెరవొద్దుండె నేను."

ఆమె పుస్తకం వంకా చూడనట్టే చూస్తూ, టికెట్ల కొసలు వేలితో లెక్కపెట్టింది.

"ఆరున్నయ్," అంది.

"ఎక్కడియక్కడనే ఉన్నయ్. నేను ఒక్కటి గూడ తియ్యలే."

"నువ్వు సదివినవా?"

"నువ్వు ఆగినకాడ నేను గూడ ఆగిన."

అప్పుడు నా వైపు చూసింది. పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకుంది. "రేపొస్తవా?" అంటే "అమ్మనడుగు" అంది. వాళ్ళమ్మ అక్కడి నుంచే, "నన్నడుగుడెందుకు? తెరిసింది నా సంచి గాదు," అంది. కార్డు ఫారం మీద జామీను గడిలో నా సంతకం అప్పటికే పెట్టాను. వాళ్ళమ్మ చేత చిరునామా రాయించుకుని, పుస్తకం పిల్ల దగ్గరే ఉంచి వచ్చేశాను.

బుధవారం రాలేదు. గురువారం రాలేదు. ఆ గురువారం లెక్క: అల్మారాలో నూట ఎనభై అయిదు, నా కార్డు మీద ఒకటి. తిరగేసిన పుస్తకాలు పదకొండు. వాటిని ముట్టుకోలేదు.

శనివారం ఎనిమిదికి అయిదు నిమిషాల ముందే వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కొత్త కార్డు ఇస్తే రెండు వైపులా చదివింది. జామీను గడిలో ఉన్న నా పేరు పైకే చదివి, "గిది నువ్వేనా?" అంది.

చివరి గురువారం కథలు చెప్పే రోజు. ఆమె వంతు వచ్చినప్పుడు ఏడు ఊళ్ళూ తిప్పింది. ఏడో ఊళ్ళో సంత, ఆ సంతలో గాడిదలు, వాటిలో ఒకటి చెవి ఆడించడం దాకా చెప్పి ఆపేసింది.

"దొరికిందా లేదా?" అన్నారు పిల్లలు.

"నేను చెప్ప. పుస్తకం అల్మారల పెడ్తున్న. సదువుకోండ్రి."

పుస్తకం నా బల్ల మీద పెట్టి, అందులోని టికెట్లు తీసుకోసాగింది. నూట తొమ్మిదో పేజీలో రెండు ఉన్నాయి. ఒకటి రెండో వారం గురువారానిది. రెండోది నేను సంచి తెరిచిన శనివారానిది.

"గిది గిక్కడెందుకుంది?" అని అడిగాను.

"ఆ దినం ఒక్క పేజీ గూడ సదవలే గద. ఆడనే ఆగిన."

"దీన్ని నాకిస్తవా?"

"అది చెత్త గద అవ్వా," అంది, నవ్వకుండా.

"నాకు కావాలె."

కొంచెంసేపు ఆలోచించి ఇచ్చింది. నా డైరీలో ఆ శనివారం పేజీలో పెట్టాను. అక్కడ అంతకుముందు నేను రాసింది ఒక్క ముక్కే: పుస్తకాలు ఈ రోజు కూడా 185, ఒకటి తక్కువ. దాన్ని కొట్టివేయలేదు. టికెట్ దాని మీదే ఉంది.